మిల్లంతా తాగిన జావ

నూలుమిల్లు క్యాంటీనులో వంట మేస్త్రికి ఒక నియమం ఉండేది. తన గొంతు దిగని ముద్ద ఇంకొకరి పళ్ళెంలోకి వెళ్ళకూడదు. ముప్పై ఏళ్ళు ఆ నియమం మిల్లుకి మేలే చేసింది. ముప్పై ఒకటో ఏట మాత్రం నాలుగు వందల మంది చేత జావ తాగించింది.

పాపం, తప్పు ఆయన చేతిది కాదు, పొట్టది. పన్నెండేళ్ళ కిందట ఆయన నూట నలభై కిలోలు. అందరూ డ్రమ్ము మేస్త్రి అనేవారు. మోకాళ్ళు మొరాయించాక డాక్టరమ్మ ఆపరేషన్ చేసి, పొట్ట పైభాగానికి సిలికాన్ పట్టీ ఒకటి బిగించింది. చర్మం కింద పట్టీకి సన్నటి గొట్టంతో కలిపిన చిన్న బిళ్ళ పెట్టి, అందులోకి సూదితో ఉప్పునీరు ఎక్కించి పట్టీని బిగించేవారు, తీసి వదులు చేసేవారు. నాలుగు ముద్దలకే కడుపు నిండిపోయేది. ఏడాదిన్నరలో మనిషి సగమయ్యాడు. డ్రమ్ము అన్న పేరు మాత్రం చిక్కలేదు.

ఏం రోజులవి! పెళ్ళైన ఇరవై ఏళ్ళకి భార్య మొదటిసారి స్కూటరు వెనక సీట్లో సుఖంగా కూర్చుంది. అంతకుముందు ఆ సీటూ ఆయనదే. సెలవు రోజున ఇద్దరూ ఊరి చివరి దాకా పోయి, కాలవ గట్టున కూర్చుని పొద్దుగూకేదాకా కబుర్లు చెప్పుకునేవారు. తన బూట్ల లేసు తానే కట్టుకున్న రోజున ఆయన ఆఫీసు గుమాస్తాని పిలిచి మరీ చూపించాడు. "ఆయనెవరమ్మా, మీ మరిదా?" అని ఎదురింటావిడ అడిగితే భార్య వారం రోజులు తలుచుకుని తలుచుకుని నవ్వింది.

ఈ ఏడు మొదట్లో ముద్ద అడ్డం పడసాగింది. తిన్నది తిన్నట్టే పైకొచ్చేది. నడుం వాలిస్తే పుల్లటి నీళ్ళు గొంతులోకి ఎగదన్నేవి. డాక్టరమ్మకి చెబితే పట్టీ తీసేస్తుంది, తీసేస్తే మళ్ళీ డ్రమ్మే. ఆ భయంతో ఆయన నేరం వంట మీదకి నెట్టాడు. మాంసం ఇంకో గంట ఉడికించాడు. కూరలన్నీ మెదిపించాడు. అప్పటికీ దిగకపోతే నీళ్ళు పోయించాడు.

"మేస్త్రీ, మాకింకా పళ్ళున్నాయయ్యా," అన్నాడు ఫోర్మన్ గరిటె జారుగా ఉన్న కూరని చూసి. "ఇది కూరా, పోస్టర్లు అంటించే పిండా?"

"సరిగ్గా ఉడక్క మీకేమైనా అయితే నా మెడకి చుట్టుకుంటుంది."

"ముందు నీ మొహం చూసుకో. పీక్కుపోయింది."

ఆ మధ్యాహ్నమే జావ కూడా దిగక మేస్త్రి పొయ్యి పక్కన కూలబడ్డాడు. ఫోర్మనే ఆస్పత్రికి తీసుకెళ్ళి భార్యకి కబురు పెట్టాడు.

డాక్టరమ్మ తెల్లటి మందు తాగించి ఎక్స్‌రే తీయించింది. "పట్టీ జారింది. కింద ఉండాల్సిన పొట్ట అందులోంచి పైకి ఎగబాకింది. ఇంకొన్నాళ్ళు ఊరుకుంటే రక్తం అందక ఆ భాగం కుళ్ళిపోయేది. మీరు దక్కేవారు కాదు," అంది. సూదితో ఉప్పునీరంతా లాగేసింది. కాసేపటికి ఆయన నెమ్మదిగా గ్లాసుడు నీళ్ళు తాగగలిగాడు.

"వదులైందిగా, ఇలాగే ఉంచెయ్యకూడదా అమ్మా?"

"కూడదు. రేపు పొద్దున్నే తీసేద్దాం. సంతకం పెట్టండి."

ఆవిడ వెళ్ళాక ఆయన కలం పట్టుకుని అలాగే కూర్చున్నాడు. పక్కనే భార్య.

"నీ దగ్గర దాచాను," అన్నాడు. "ఐదు నెలలుగా కక్కుతూనే ఉన్నా. చెబితే మన రోజులు అయిపోతాయనిపించింది."

"నాకు తెలుసు."

ఆయన తలెత్తాడు.

"కుళాయి తిప్పి మరీ కక్కేవారు. నేను బాత్రూం తలుపు బయటే నిలబడి వినేదాన్ని."

"మరి అడగలేదేం?"

"అడిగితే పట్టీ తీసేస్తారని. నాకూ ఆ రోజులే కావాలనిపించింది. మీరు దక్కేవారు కాదట, విన్నారా?"

ఆయనకి కోపం రావాలి. రాలేదు. ఇన్నాళ్ళూ తలుపుకి అటొకరు ఇటొకరు ఒకే భయంతో నిలబడ్డారన్నమాట. ఆవిడ కళ్ళు తుడుచుకుని, కాగితం కింద అట్ట పెట్టి పట్టుకుంది. ఆయన సంతకం చేశాడు.