పగిడయ్య లేయర్

దమ్మపేట సెంటర్లో పిచ్చయ్య స్టూడియో పొద్దున తొమ్మిదికి తెరుచుకునేది. ముప్పై ఏళ్లు గోడల మీద బోర్డులు రాసిన పిచ్చయ్య, రెండువేల ఎనిమిదిలో కంప్యూటర్ కొని మౌస్‌తో రంగులద్దడం నేర్చుకున్నాడు. ఇప్పుడు యశోదకు నేర్పుతున్నాడు. ఆమె పనిలో చేరి వారమైంది.

ఆ రోజు మొదటి గిరాకీ ఎర్రమ్మ. భర్త పగిడయ్య పోయిన నాటి నుంచి ఆమె పలచబడుతూ వచ్చింది. బెంచీ మీద కూర్చుంటే వెనక క్యాలెండరులోని తారీఖులు ఆమె లోంచి చదవొచ్చు. బస్సు కండక్టరు ఆమె చెయ్యి తడిమి టికెట్ పెట్టేవాడు.

"అడవి భూమికి పట్టాలిస్తున్నరు బిడ్డా. దరఖాస్తు మా ఆయన పెట్టిండు. ఇద్దరం ఒకే ఫోటోల ఉండాలంట. రేపు సార్లొస్తరు. నేను కనపడకుంటే మూడెకరాలు పోయినట్టే."

యశోద ఫోటో తీసింది. తెర మీద బెంచీ, దాని మీద నీళ్లలో నీడలా ఎర్రమ్మ. పగిడయ్య పాత ఫోటోను స్కాన్ చేసి, పైన ఇంకో లేయర్‌గా, పొర మీద పొరలా పరిచింది. అతడు నిండుగా నిలిచాడు. ఎర్రమ్మ తెర మీదా, బెంచీ మీదా ఇంకాస్త పలచనైంది.

యశోద బ్రష్ ఒపాసిటీ, అంటే రంగు చిక్కదనం, నూటికి ఇరవై పెట్టి, ఆమె చెంప మీద రుద్దింది. రంగు చిక్కబడలేదు.

"మౌస్ మీంచి వేలు ఎత్తకుండ పొద్దుగూకేదాంక రుద్దినా ఇరవై ఇరవైయే," అన్నాడు పిచ్చయ్య. "ఎత్తి, మళ్లీ పెట్టు. సున్నం లెక్క, పూత మీద పూత."

"మా ఇంటికి ఒక్క పూతే ఏస్తం, పెదనాయనా."

"అందుకేనా మీ గోడలు గట్లున్నయ్."

పూత మీద పూత వేసింది. చెంప తేలింది. టీ తాగి చూసేసరికి మళ్లీ మాసిపోయింది.

పిచ్చయ్య కళ్లద్దాలు తుడుచుకుని తెర చూశాడు. "తప్పు బ్రష్‌ది కాదు. పై లేయర్‌ది. దాని ఒపాసిటీ తగ్గిస్తే ఆయన మొత్తంగ పలచనైతడు. చెరిగిపోడు. కావాల్నంటే మళ్లీ పెంచుకోవచ్చు."

యశోద మౌస్ ముట్టుకోలేదు. ఎర్రమ్మ వైపు చూసింది.

"అడవిల ఎప్పుడూ ఆయనే ముందు నడిచిండు," అంది ఎర్రమ్మ. "పామున్నా, ఎలుగున్నా ముందు తనకే ఎదురుపడాలని. పోయినంక కూడా నేను ఆయనకు జాగ ఇడిచి ఎనకనే నడుస్తున్న. బువ్వ కూడా ముందు ఆయనకే పెడుతున్న."

ఎర్రమ్మ తెర మీది పగిడయ్యను చూసింది.

"తగ్గియ్యి బిడ్డా. దారి నాకెరుకే."

తొంభై. డెబ్బై. యాభై. అంకె దిగేకొద్దీ క్యాలెండరులోని తారీఖులు ఒక్కొక్కటే ఎర్రమ్మ వీపు చాటుకు పోయాయి. నలభై దగ్గర యశోద ఆగింది. పగిడయ్య మీసం గుర్తుపట్టేటంత ఉంది. ఎర్రమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది.

మర్నాడు ఊళ్లో పట్టాల సారు దరఖాస్తుకు ఆ ఫోటో అంటించి, ఆమె ముఖంలోకి చూసి పేరు అడిగాడు. పగిడయ్య పోయాక ఆమెను పేరు అడిగిన మొదటి మనిషి అతడే. ఎర్రమ్మ చెప్పింది. పట్టా మీద ఆ పేరే రాశాడు.