పక్క సీటులో మనిషి

పద్దెనిమిదేళ్లు యుద్ధవిమానం ఒక్కడే నడిపినవాడు అతను. ఎవర్నీ ఏదీ అడక్కపోవడమే మొనగాడితనమని నూరిపోసిన కొలువది. ఇప్పుడు ఎయిర్‌లైన్ వాళ్ల సిమ్యులేటర్‌లో ఆఖరి పరీక్ష. తప్పితే ఉద్యోగం లేదు. దిగేముందు చక్రాలు దించమని పక్క పైలట్‌కి చెప్పాలి, తను చక్రాల లీవర్ ముట్టుకోకూడదు. ఇంతకుముందు రెండుసార్లూ తనే లాగేసి తప్పాడు.

ఎదుటి తెర మీద రన్‌వే కనబడింది. చెయ్యి దానంతటదే లీవర్ మీదికి పోయింది. సగంలో ఆపి వెనక్కి తీసుకున్నాడు.

"చక్రాలు... దించమ్మా."

"హమ్మయ్య! నేనొకదాన్ని ఉన్నానని ఇవాళ్టికి తెలిసిందా బాబాయ్?" అంటూ పక్క సీట్లోని పైలట్ పిల్ల లీవర్ దించింది.

వెనక కూర్చున్న పరీక్షకుడు పాసని రాసుకున్నాడు. పాసైనవాడికి మాత్రం సంతోషం రాలేదు. ఆ ఒక్క మాట అడిగేసరికి ఒళ్లు హూనమైంది. లేవబోయి, ఆగి ఆ పిల్ల వైపు తిరిగాడు.

"కాస్త చెయ్యందించమ్మా" అన్నాడు.