గౌరవమైన మోకాలు

రంగుల మేస్త్రీకి జబ్బు పేగుల్లో ఉంటే, ఇంట్లోవాళ్లు దాన్ని మోకాలికి దించారు. ఆ పుణ్యం అత్తగారిది. పెద్దపేగులో పుండ్లు పడతాయి, మానతాయి, మళ్లీ రేగుతాయి, ఇది జీవితాంతం ఉండే జబ్బు అని డాక్టరమ్మ చెప్పిన రోజునే ఆవిడ తీర్పు ఇచ్చేసింది.

"నలుగురిలో చెప్పుకునే రోగమా ఇది? మోకాలు నొప్పి అనండి. గౌరవంగా ఉంటుంది."

అప్పటినుంచి అద్దకం కార్ఖానాలో మేస్త్రీ ఉన్నట్టుండి తొట్టి వదిలి మాయమైతే, "పాపం, కాలు చాపుకోవడానికి వెళ్లాడు" అనుకునేవారు. ఆయనా గుర్తున్నప్పుడల్లా కుంటేవాడు. ఏ కాలన్నది రోజును బట్టి ఉండేది.

ఇంతలో యజమాని కొత్త యంత్రం పని నేర్చుకురమ్మని ఆయన్ని విదేశం పంపుతానన్నాడు. వెళ్లొస్తే కొత్త విభాగం ఆయన చేతికే. మేస్త్రీకి ఎగిరి గంతేయాలనిపించింది. మోకాలు గుర్తొచ్చి ఆగాడు.

"జబ్బు ఇప్పుడు అణిగే ఉంది, వెళ్లిరండి," అంది డాక్టరమ్మ. "మందులు కాస్త ఎక్కువే పెట్టుకోండి, అవి చేతిసంచిలోనే ఉండాలి. విమానంలో సీటు నడవ పక్కన, మరుగుదొడ్డికి దగ్గరగా అడగండి. సిగ్గుపడకండి."

"ఆ సిగ్గుకి కూడా ఏదైనా మాత్ర రాయండి డాక్టరమ్మా," అంది మేస్త్రీ భార్య, పక్కనున్న తల్లిని చూస్తూ.

అత్తగారు ఆ మాట వినిపించుకోలేదు. ఇంటికెళ్లి మందులన్నీ ఎవరి కంటా పడకుండా పెద్దపెట్టె అడుగున దాచి, చేతిసంచిలో పైకి కనిపించేలా మోకాలి పట్టీలు సర్దింది.

యజమాని మనసున్నవాడు. అదే చిక్కయింది. మేస్త్రీ కాళ్లమీదుగా ఎవరూ దాటకుండా ముందు వరుసలో కిటికీ పక్క సీటు కొన్నాడు. విమానాశ్రయంలో చక్రాల కుర్చీ చెప్పాడు. అలవాటు కావాలని, వీడ్కోలు సభకి కూడా ఒక కుర్చీ తెప్పించి, అందరి ముందూ మేస్త్రీని అందులో కూర్చోబెట్టాడు. పనివాళ్లు తలా కాస్తా వేసుకుని మోకాళ్లకు రాసుకునే తైలం బహూకరించారు. యజమాని ఉపన్యాసం అందుకున్నాడు.

ఉపన్యాసం సాగేకొద్దీ మేస్త్రీ ముఖం రంగులు మారింది. కడుపులో మెలిపెట్టింది. పళ్లు బిగించాడు. కుర్చీ చేతులు పట్టుకున్నాడు. ఇక లాభం లేదనుకుని లేచాడు. కుర్చీ ఒకవైపు, తైలం సీసా ఒకవైపు. తొట్లమధ్య నుంచి, ఆరేసిన బట్టలకింద నుంచి కార్ఖానా వెనక మరుగుదొడ్డి దాకా ఒకటే పరుగు.

"తైలం ఎంత పనిచేసిందిరా!" అన్నాడో పనివాడు.

"మూతే తియ్యలేదు కదరా!" అన్నాడు పక్కవాడు.

మేస్త్రీ తిరిగి వస్తుంటే, సభకొచ్చిన అత్తగారు ఎదురెళ్లి గుసగుసలాడింది. "కుంటండి అల్లుడుగారూ, కుంటండి!"

మేస్త్రీ పడిపోయిన కుర్చీని చూశాడు. కిటికీ పక్క సీటు కళ్లముందు మెదిలింది. తిన్నగా నడిచి యజమాని ముందు నిలబడ్డాడు.

"మోకాళ్లు బాగానే ఉన్నాయండీ. జబ్బు పేగులకి. కిటికీ పక్కన పడేస్తే పక్కవాళ్లని తొక్కుకుంటూ పోవాలి. ఇప్పుడు చూశారుగా."

"మరి ముందే చెప్పొద్దటయ్యా?"

"మోకాలికున్న గౌరవం దీనికి లేదన్నారండీ."

"ఏం గౌరవమయ్యా! రోగం రోగమే," అని యజమాని అక్కడికక్కడే టికెట్ల ఆఫీసుకి ఫోన్ చేశాడు. "మా మేస్త్రీకి సీటు మార్చాలి. మరుగుదొడ్డి దగ్గర... అంటే... ఎందుకంటే..." అందరూ తనవైపే చూస్తున్నారు. యజమాని గొంతు తగ్గించాడు. "మోకాలు నొప్పండీ."

మేస్త్రీ ఫోన్ అందుకున్నాడు. "పేగుల జబ్బమ్మా. మాటిమాటికీ వెళ్లాలి. నడవ పక్కన ఇవ్వండి."

"వెనకవరుసలో ఉంది, ఇవ్వమంటారా?" అంది అవతలి అమ్మాయి, మంచినీళ్లు అడిగినంత మామూలుగా.

ఇంటికొచ్చాక అత్తగారు పెద్దపెట్టె అడుగునుంచి మందులు తీసి చేతిసంచిలోకి మార్చింది. మోకాలి పట్టీలు మాత్రం చేతిలోనే ఉంచుకుంది.

"ఇవీ, ఆ తైలమూ నాకిచ్చెయ్యండి అల్లుడుగారూ. ఎన్నాళ్లనుంచో మోకాళ్లు సలుపుతున్నాయి. ఇంట్లో ఇద్దరికీ ఒకటే రోగమంటే జనం నమ్మరని ఊరుకున్నాను."