పూల్ గేటు ముందు బిందెల వరుస

రోడ్ల కాంట్రాక్టర్ బస్వరాజ్ ఇంటి గోడలోంచి ఆ శుక్రవారం పొద్దున నీళ్లు ధారగా మోరీలోకి పోతున్నాయి. మే నెల. మా వీధి చివరి బస్తీకి ట్యాంకర్ వచ్చి నాలుగు రోజులైంది. మా ఇంట్లో పనిచేసే రిబ్కమ్మ పరుగున పోయి ఆ ధార కింద బిందె పెట్టింది.

"అక్కా, తియ్! తాగితె దవాఖాన్ల పడ్తవ్!" గోడ మీది నుంచి అరిచాడు ఎల్లప్ప. ఆమె తమ్ముడు. బస్వరాజ్ ఇంట్లో స్విమ్మింగ్ పూల్ చూసుకునేది అతనే.

"మరెందుకు పారవోస్తున్నవ్ రా?"

"ఏడాది సంది బోరు నీళ్లే పోస్తున్నం. ఎండకు నీళ్లు పోతయి, ఉప్పు మిగుల్తది. మందు ఎంతేసినా పనిచేస్తలేదు. సగం తీసి మంచినీళ్లు కలపాల్నంట."

"గా మంచినీళ్లు యాడికెళ్లి వస్తయి?"

ఎల్లప్ప గోడ అవతలికి దిగిపోయాడు.

పది గంటలకు జవాబు వచ్చింది. బస్తీకి రావలసిన ట్యాంకర్ అక్కడిదాకా పోకుండా బస్వరాజ్ గేటులోకి తిరిగింది. మేడ మీద బట్టలు ఆరేస్తూ చూశాను. ట్యాంకర్ రోజున పనికి ఆలస్యమైందని రిబ్కమ్మను ఎన్నిసార్లో విసుక్కున్నదాన్ని. ఆ ట్యాంకర్‌ను నేను గుర్తుపట్టకుండా ఎలా ఉంటాను? కిందికి దిగి రిబ్కమ్మకు చెప్పాను.

చర్చి ముందర ఆడవాళ్లు పోగయ్యారు.

"దరఖాస్తు పెడ్దాం," అంది ఆనందమ్మ.

"పోయిన ఎండకాలం పెట్టింది ఏమైంది? దాంట్ల మిర్చీలు కట్టిచ్చుకొని తిన్నరు," అంది లిల్లీ. రిబ్కమ్మ కోడలు, నెల బాలింత. పసిబిడ్డ గుడ్డలు మూడు రోజులుగా ఉతకలేదు.

ఎల్లప్ప రొప్పుతూ వచ్చాడు. "ఒక ట్రిప్పు పోసిండ్రు. ఇంక మూడు గావాలె. ఆపితె ఇప్పుడే ఆపాలె. నీళ్లు పైపుకు అందకుంటె మోటర్ నడ్వది. మోటర్ నడ్వకుంటె ఈ ఎండకు రెండు దినాలల్ల పచ్చవడ్తది. ఐతారం సేట్ బిడ్డ పుట్టినరోజు, సుట్టాలంత ఈతకొస్తుండ్రు."

"నీ నౌకరి రా?" అంది రిబ్కమ్మ.

"పోతది. నీళ్లయితె వస్తయి గదా."

బస్తీలో ఒక పద్ధతి ఉంది. మనిషి లేకపోయినా బిందె ఉంటే వంతు ఉన్నట్టే. దాన్ని ఎవరూ జరపరు. ఆ బిందెలన్నీ తెచ్చి బస్వరాజ్ గేటుకు అడ్డంగా వరుసపెట్టారు. బిందెల వెనుక ఆడవాళ్లు కూర్చున్నారు.

రెండో ట్రిప్పు ట్యాంకర్ బిందెల ముందు ఆగిపోయింది. బస్వరాజ్ బయటికి వచ్చాడు.

"ఏందే ఈ లొల్లి? రేపు రెండు ట్యాంకర్లు పంపిస్త, లెవ్వుండ్రి."

"రేపటి దూప రేపు సూస్తం," అంది రిబ్కమ్మ. "ఇయ్యాల్టి దూపకు నీ పూల్ల వడి మునగాల్నా?"

"సగమే ఉన్నదట, మునుగుడు గూడ కాదు!" వెనుక నుంచి ఎవరో అన్నారు. అందరూ నవ్వారు.

"తోలు!" అని డ్రైవర్ యాదయ్య మీద అరిచాడు బస్వరాజ్. టైరు మొదటి బిందె దాకా వచ్చింది. ఎవరూ లేవలేదు. ఇంజన్ ఆగింది.

"మనూర్ రోడ్డు బస్తీల మా ఇంట్ల గూడ బిందెలున్నయి సేట్," అని యాదయ్య బండి వెనక్కి తిప్పాడు. మధ్యాహ్నానికి బస్తీలో ప్రతి బిందె నిండింది.

సాయంత్రం పోలీసులు ఎల్లప్పను తీసుకుపోయారు. పూల్ మోటర్ పాడుచేశాడని కేసు.

ఆదివారం మా మేడ మీది నుంచి చూస్తే పూల్ పచ్చగా ఉంది. చర్చి వదిలాక ఎవరూ ఇళ్లకు పోలేదు. ఖాళీ బిందెలతో స్టేషన్‌కు నడిచారు. స్టేషన్ గేటు నుంచి రోడ్డు దాకా వరుస పెట్టారు.

"కేసు ఒక్కని మీదనే. మీరు పోండ్రి," అన్నాడు ఎస్సై.

"అడ్డం గూసున్నది మేమంత. రాస్తె అందరి పేర్లు రాయి. రిబ్కమ్మ."

"ఆనందమ్మ."

"లిల్లీ. నా బిడ్డకింక పేరు పెట్టలె, జెర జాగ ఇడ్సిపెట్టు."

నా భర్త వద్దన్నాడు. అయినా మా వంటింటి బిందె తెచ్చాను. ఏనాడూ ఏ వరుసలోనూ నిలబడని బిందె. అందరికంటే చివర పెట్టి, ఎస్సైకి చెప్పవలసిన నా పేరు గుర్తుచేసుకుంటున్నట్టు నిలబడ్డాను.

నా వెనుక ఇంకో బిందె దించిన చప్పుడైంది. తిరిగి చూశాను. మనూర్ రోడ్డు బస్తీ వాళ్లు వస్తున్నారు.