రాయి పాతిన రోజు

రాజ్యాలను కోసేవాళ్ళకు చేను కోయడం ఎంత కష్టమో తెలియదు. మా రాజురా తాలూకాను ఆదిలాబాద్ నుంచి తెంపి బొంబాయి రాజ్యంలో కలిపిన ఏడాది, కోర్పనా దగ్గరున్న మా ఊరికి కొత్త హుకుం వచ్చింది. ఉమ్మడి చేలలో ఎవరి వాటాకు వాళ్ళు నక్షా గీయించుకోవాలి. వాటాదారు స్వయంగా చేలో నిలబడి హద్దు చూపాలి, నక్షా మీద వేలిముద్ర వేయాలి. రానివాళ్ళకు వాటా లేనట్టే.

నర్సక్కకు ఆ హుకుం దేవుడు పంపినట్టే అనిపించింది. భర్త సారయ్య పోయాక మరిది మొగిలి చేనంతా తానే దున్నుతూ, బుద్ధి పుట్టినప్పుడు ఆమెకింత జొన్నలు కొలిచేవాడు. పడమటి సగం తన పేర నక్షాకెక్కితే ఒకరి గడప ముందు కొంగు పట్టే పని ఉండదు. పట్వారీ అనంతరావు చుట్టూ కాళ్ళరిగేలా తిరిగి ఆమే దరఖాస్తు పెట్టించింది.

సర్వేయరు కొలత గొలుసుతో వచ్చిన పొద్దున నర్సక్క పసుపు, కుంకుమ, కొబ్బరికాయ సర్ది మొగిలి చేతికిచ్చింది.

"నువ్వు రావా వదినా?"

"ముండమోపిదాన్ని, హద్దురాయి పాతంగ ఎదురుంగ నిలవడ్తనా? నా ముఖం పడితె ఆ రాయి నిలుస్తదా? నువ్వు పాతియ్యి. పాతినంక వస్త."

"అయితె చేన్ల కొట్టం ఎనుక కూసో. పిలుస్త."

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. ఇక్కడ పూజారి మా ఆచారమే. పెళ్ళికి రావద్దు, విత్తనం వేళ ఎదురుపడవద్దు అని ఊరంతా కలిసి ఆమెకు నేర్పిన పాఠం, ఆమె బుద్ధిగా అప్పజెప్పింది. తలచుకుంటే నాకిప్పటికీ కడుపు మండుతుంది.

"నర్సక్కా ఆహే కా?" నర్సక్క ఉందా అని సర్వేయరు మరాఠీలో గట్టిగా పిలిచాడు. కొట్టం వెనక ఆమె విన్నది. లేవబోయింది. రాళ్ళు ఇంకా బండి మీదే ఉన్నాయి. కొంగు నోట్లో కుక్కుకుని మళ్ళీ కూర్చుంది. సర్వేయరు ఇంకోసారి పిలిచాడు.

"మీ వదినె ఏదిరా మొగిలీ?" అన్నాడు పట్వారీ.

మొగిలి కొట్టం వైపు చూశాడు. ఆ తర్వాత తల దించుకున్నాడు. "ఏమో. రాలే."

కొబ్బరికాయ పగిలిన చప్పుడు విని నర్సక్క పరుగెత్తుకొచ్చేసరికి, చేను నడుమ రాయి లేదు. అది పడమటి అంచున దిగి ఉంది. నక్షా మీద ఒకటే వేలిముద్ర. "నేనున్నయ్యా! ఈడనే ఉన్న!" అని అరిచింది. పట్వారీ ఆ మాట మరాఠీలో చెప్పాడు. గీసిన నక్షా దిద్దడం తన చేతిలో లేదని, పై కచేరీలో అర్జీ పెట్టుకోమని చెప్పి సర్వేయరు గొలుసు చుట్టుకున్నాడు.

పై కచేరీ ఏదో తేలితే కదా! ఆదిలాబాద్ పోతే మీ తాలూకా ఇప్పుడు మాది కాదన్నారు. కొత్తగా కలిసిన జిల్లా నాందేడ్‌లో అర్జీ రాయించి ఇచ్చేలోపు తాలూకాను చాందా జిల్లాకు మార్చారు. కాగితాలు చాందా పోయాయన్నారు. చాందాలో ఇంకా రాలేదన్నారు.

"నక్షాల ఏముంటె ఏంది వదినా, నీ గింజలు నీకిస్త" అన్న మొగిలి కొన్నాళ్ళు ఇచ్చాడు కూడా. తర్వాత చేనంతా సున్నపురాయి తవ్వేవాళ్ళకు అమ్మేశాడు. ఇప్పుడక్కడ హద్దురాయీ లేదు, హద్దూ లేదు. గుంత ఉంది.

నర్సక్క మాత్రం చాందా కచేరీ వరండాలోనే ఉంటుంది. బంట్రోతు బయటికొచ్చి ఎవరి పేరు పిలిచినా, అది మగవాడి పేరైనా సరే, "ఉన్నయ్యా, ఈడనే ఉన్న!" అంటూ లేచి నిలబడుతుంది.