పచ్చిక కింద బూజు

మంచుకు తడిసిన పచ్చిక మీద చీపురు సాగదు. అందుకే ఆమె ముందు మెట్లు ఊడ్చి, ఎండ కాస్త పైకొచ్చాకే మైదానంలోకి దిగింది. ఆయన అప్పటికే అక్కడ మోకాళ్ళ మీద కూర్చుని, చెంప నేలకు తగిలేంతగా వంగి గడ్డిని చూస్తున్నాడు. పెళ్ళయిన కొత్తలో ఆయన్ని అలా చూసి, ఏదో పారేసుకున్నాడనుకుని తనూ వెతికింది.

ఆ బడిలో ఆయన తోటమాలి, ఆమె ఊడ్చే మనిషి. పిల్లలకు డ్రిల్లు మాస్టారు ఒకరుంటే, గడ్డి మాస్టారు ఈయన. కాలం మారినప్పుడల్లా పచ్చికకు ఏదో ఒకటి తగులుతుంది. ఎండలకు చెదలు, తొలి వానకు లద్దెపురుగు, చలి మొదలవగానే తుప్పు తెగులు. ఆ తెగులు పొడి అంటుకుని పిల్లల తెల్ల బూట్లు ఎర్రబడితే తల్లుల తిట్లన్నీ ఈయనకే. అన్నిటినీ ఓపిగ్గా వదిలించేవాడు. ఒక్కటి మాత్రం లొంగలేదు.

వానలు తగ్గుముఖం పట్టాక మైదానం నడుమ పుట్టగొడుగులు గుండ్రంగా, ఎవరో దారం పట్టి గీసినట్టు లేస్తాయి. వాటి వెంట గడ్డి నల్లగా అనిపించేంత పచ్చగా ఉంటుంది. లోపలి అంచున మాత్రం ఎండి పీచవుతుంది. ఆయన పనిలో చేరినప్పుడు ఆ చుట్టు జల్లెడంత ఉండేది. ఎప్పుడో కొట్టేసిన చెట్టు మొద్దు భూమిలో కుళ్ళుతుంటే, దాన్ని తిని పుట్టిన బూజట. ఏటా ఆయన గొడుగులు ఏరేసేవాడు, ఇనుప ఊచతో నేలంతా పొడిచేవాడు, సబ్బునీళ్ళు పట్టించేవాడు. ఏటా అది కాస్త బయటికి జరిగి మళ్ళీ లేచేది. ఇప్పుడు దాన్ని చుట్టి వస్తే ఆమెకు ఆయాసం.

నన్ను చూసినదానికంటే ఆ బూజును చూసిందే ఎక్కువ అని ఆమె దెప్పేది. ఆయన నవ్వేవాడు, కాదనేవాడు కాదు.

ఆ పొద్దున డ్రిల్లు మాస్టారు వచ్చి, ఆటల పోటీలు దగ్గరపడ్డాయనీ, ఈసారి పైపై వైద్యం మాని ఆ చుట్టునంతా తవ్వేసి కొత్త మన్ను పోయమనీ మెత్తగా చెప్పాడు. ఆయన సరేనన్నాడు. పచ్చిక పాడవుతుందని ఇన్నేళ్ళూ అక్కడ పార దించలేదు. ఇప్పుడు దించి, చాపను మడిచినట్టు ఒక పచ్చిక చెక్కను ఎత్తి తిరగేశాడు. ఆ పక్కనే చతికిలబడ్డాడు.

"ఏమే, ఓసారి ఇటు రా."

గొంతు తేడాగా ఉంది. పామేమోనని ఆమె చీపురుతో సహా పరుగెత్తింది.

పాము కాదు. మన్నంతా తెల్లగా ఉంది. సాలెదారం కంటే సన్నని పోగులు ప్రతి మట్టిరేణువునూ అల్లుకుని, ప్రతి గడ్డివేరునూ చుట్టుకుని, పార అందని లోతుకు దిగిపోయాయి. ఆయన మొక్కలకు పోసే డబ్బాలోంచి దోసెడు నీళ్ళు పోశాడు. తామరాకు మీద బొట్లలా అవి జారిపోయాయి.

"మనం ఏరినవన్నీ దీని గోళ్ళేనే. అసలు మనిషి ఇదీ," అన్నాడు ఆయన. "ఈ చుట్టంతా ఒకటే ప్రాణం. చంపుతున్నా చంపుతున్నా అనుకున్నా ఇన్నేళ్ళూ. ఇది నన్ను లెక్కలోకే తీసుకోలేదు."

ఆ మాటలో ఓడిపోయిన బాధ లేదు. ముఖం వెలిగిపోతోంది. ఆమె చీపురు పక్కన పడేసి, వంగి, ఆ తెలుపులో వేళ్ళు పెట్టింది. చల్లగా, మెత్తగా ఉంది. తలెత్తి చూస్తే పచ్చటి వలయం అవతలి గోడ దాకా పోయింది. దాని కిందంతా ఇదే చడీచప్పుడూ లేకుండా పరుచుకుని ఉంది. ఇన్నాళ్ళూ తామిద్దరూ దీని వీపు మీదే నడిచారు, అన్నాలు తిన్నారు, పోట్లాడుకున్నారు.

"నిజమేనయ్యా," అంది. దెప్పాలనిపించలేదు.

గొంతు ఆరిపోతోంది, కాసిని నీళ్ళు తెమ్మన్నాడు. ఆమె కుళాయి దగ్గరికి వెళ్ళి తెచ్చింది. ఆయన మట్టికుప్పకు ఆనుకుని, గడ్డం గుండెకు దించి, ఇంకా ఆ గుంటలోకే చూస్తున్నాడు. గ్లాసు పక్కన పెట్టి, తాగమంది. ఇంకోసారి పిలిచాక ఆమెకు అర్థమైంది. ఆయన వేళ్ళకు తెల్లటి పోగులు అంటుకునే ఉన్నాయి.

డ్రిల్లు మాస్టారూ మరో ఇద్దరూ వచ్చి ఆయన్ని ఎత్తుకెళ్ళారు. వెనకే వెళ్ళబోతూ ఆమె ఆగింది. తిరగేసిన చెక్కను యథాస్థానంలో బోర్లించి, కాలితో అదిమి, అప్పుడు కదిలింది. ఆ తర్వాత అక్కడ తవ్వమని ఎవరూ అడగలేదు.

ఆ పొద్దున మైదానం ఖాళీ అయింది. గడ్డిలో స్టీలు గ్లాసు ఒక్కటి మిగిలింది, అంచుదాకా నీళ్ళతో.