నౌరస్‌లో ఉప్పందించేదెవరు

నౌరస్ బాస్కెట్‌బాల్ క్లబ్‌కు ఓడిపోవడం కొత్తేమీ కాదు. ఆ సీజన్లో మాత్రం ఓడిపోవడాన్ని ఒక ఉద్యోగంలా చేసింది. ఆటగాళ్ళు వేళకు వచ్చేవారు, ఒళ్ళు వంచి ఆడేవారు, ఓడిపోయి వేళకు ఇళ్ళకు పోయేవారు. దోహా పక్కన అల్ రయ్యాన్ వైపున్న వాళ్ళ హాలులో కుర్చీలు సగం కూడా నిండేవి కావు. డ్రమ్ములు కొట్టే అభిమానులు కూడా ఒక్కొక్కరే డ్రమ్ములు ఇంట్లో వదిలేసి రావడం మొదలుపెట్టారు.

ఓటమి ఎవరికైనా వస్తుంది. తెరెసాకు మింగుడుపడనిది అది వస్తున్న తీరు.

తెరెసా ఆ జట్టుకు ఫిజియోథెరపిస్టు. భీమవరం పక్కన పుట్టి పెరిగిన మనిషి, నలభైకి దగ్గరపడింది. చాలా ఏళ్ళు అల్ సద్‌లో ఒక క్లినిక్‌లో పనిచేసింది. నడుం పట్టేసిన ఆఫీసర్లు, మోకాళ్ళు అరిగిన పెద్దమ్మలు ఆమె రోగులు. ఈ ఏడాదే క్లబ్‌లో చేరింది. ఉద్యోగం ఖాళీగా ఉందని ఆమెకు చెప్పిందీ, ఆమె పేరు మేనేజర్ చెవిన వేసిందీ గురుప్రసాద్. అతనిది హన్మకొండ. ఇంజనీరింగ్ చదివి, చివరికి ఆటల వీడియోల్లో తేలాడు. ప్రతి మ్యాచ్‌నూ ముక్కలు ముక్కలు చేసి, ఎవరు ఎక్కడ తప్పటడుగు వేశారో కోచ్‌కు చూపించడం అతని పని. ఆ క్లబ్ మొత్తానికి తెలుగువాళ్ళు వీళ్ళిద్దరే. కాబట్టి అక్కా తమ్ముడూ అనుకోవడానికి ముహూర్తం చూసుకోవలసిన పని లేకపోయింది.

అనుమానం హారిస్ భుజంతో మొదలైంది. హారిస్ జట్టు కెప్టెన్, అమెరికా నుంచి వచ్చినవాడు, తలుపు దాటాలంటే తల వంచాల్సిన ఎత్తు. ఒకరోజు ప్రాక్టీసులో అతని ఎడమ భుజం పట్టేసింది. ఈ సంగతి గది దాటకూడదని మేనేజర్ ఖాసీం అందరి చేతా ఒట్టు వేయించుకున్నంత పని చేశాడు. అందరూ అంటే ఎంతమంది గనక? హారిస్, ఖాసీం, సెర్బియా నుంచి వచ్చిన కోచ్, తెరెసా, గురుప్రసాద్. తెరెసా ఆ భుజాన్ని పసిబిడ్డను సాకినట్టు సాకింది. మ్యాచ్ రోజున మర్దన చేసి, కండరానికి దన్నుగా టేపు వేసి, ఏం ఫరవాలేదని చెప్పి కోర్టులోకి పంపింది.

ఆట మొదలవగానే అవతలి జట్టు హారిస్‌కు కుడి దారి మూసేసింది. పోతే ఎడమకే పో అన్నట్టు నిలబడ్డారు. అతను ఎడమకు తిరిగిన ప్రతిసారీ ఇద్దరు మీద పడేవారు. చెయ్యి పైకి లేవక, బంతి జారిపోయి, హారిస్ లాంటి మనిషి బెంచీ మీదికి వచ్చి ముఖానికి తువ్వాలు కప్పుకున్నాడు. అదే జట్టుతో ఆడిన తర్వాతి మ్యాచ్‌లో కామ్రాన్ మోకాలి వంతు వచ్చింది. బంతిని ముందుకు తెచ్చేది కామ్రానే. నొప్పి ఉన్న కాలి మీదే ఆగి తిరగాల్సి వచ్చేలా అతన్ని మూలల్లోకి తోలారు. ఎక్కడ నొప్పి ఉందో కాగితం మీద రాసిచ్చినట్టు సరిగ్గా అక్కడే పొడుస్తున్నారు.

లోపలివాళ్ళే ఎవరో ఉప్పందిస్తున్నారని ఖాసీం తేల్చేశాడు. అతను లెబనాన్ మనిషి, మామూలుగా గోడలు అదిరేలా మాట్లాడేవాడు, ఆ రోజు మాత్రం గొంతు తగ్గించి చెప్పాడు. అందుకే అందరికీ ఇంకా భయమేసింది.

ఆ మాట విన్నది మొదలు తెరెసాకు ఎవరి ముఖం చూసినా రెండు ముఖాలు కనిపించేవి. బస్సు డ్రైవర్ అద్దంలోంచి వెనక్కి ఎందుకు చూస్తున్నాడు? ఓడిపోయిన రోజు కూడా కోచ్‌కు ఆ చిరునవ్వు ఎక్కడిది? గదులు ఊడ్చే మనిషి సరిగ్గా తను హారిస్‌తో మాట్లాడేటప్పుడే తుడుపు కర్ర పట్టుకుని ఎందుకొస్తాడు? ఒకరోజు భోజనాల దగ్గర భర్త విన్సెంట్ పప్పు వడ్డించుకుంటూ హారిస్ భుజం ఎలా ఉందని అడిగాడు. మీకెందుకు అంది తెరెసా. కంపెనీ లెక్కలు తప్ప ఇంకేం పట్టని మనిషి, బాస్కెట్‌బాల్‌లో గోల్‌కీపర్ ఉంటాడో లేదో కూడా తెలియనివాడు, గరిటె పట్టుకుని అలాగే ఉండిపోయాడు. ఆ తర్వాత ఆమెకే సిగ్గేసింది. సిగ్గేసింది గాని అనుమానం మాత్రం తగ్గలేదు, ఇంకో మనిషిని వెతుక్కుంటూ పోయింది.

అది వెళ్ళి గురుప్రసాద్ మీద వాలింది. వాలడానికి అక్కడ కావలసినంత చోటుంది. నౌరస్‌కు రాకముందు అతను పనిచేసింది ఇప్పుడు తమను చితక్కొడుతున్న జట్టులోనే. ఫోన్ మోగితే బయటికి పోయి మాట్లాడతాడు. అన్నిటికీ మించి, ఒక సాయంత్రం హాలు బయట విన్సెంట్ కారు కోసం చూస్తూ నిలబడ్డప్పుడు తెరెసా తన కళ్ళతో తనే చూసింది. ఆ జట్టు అసిస్టెంట్ కోచ్ కారులో ముందు సీట్లో గురుప్రసాద్ కూర్చుని ఉన్నాడు. ఇద్దరూ నవ్వుకుంటున్నారు. మర్నాడు కోచ్ నిన్న ఎక్కడికి పోయావని అడిగితే, నేరుగా ఇంటికే పోయానని గురుప్రసాద్ కన్నార్పకుండా చెప్పాడు. పక్క గదిలో టేపులు సర్దుకుంటున్న తెరెసా ఆ మాట వింది.

ఆ సాయంత్రమే అతని నుంచి మెసేజ్ వచ్చింది, విడిగా ఒకసారి మాట్లాడాలని. ఇంకేం కూపీ లాగుదామనో అనుకుని తెరెసా జవాబివ్వలేదు. ఫోన్ చేస్తే ఎత్తలేదు.

నిజం చెప్పుకోవాలంటే ఆమెను తొందరపెట్టింది జట్టు మీద ప్రేమ ఒక్కటే కాదు. భుజం సంగతి తెలిసినవాళ్ళలో అందరికంటే కొత్తది తనే. దొంగ దొరక్కపోతే వేలు తనవైపే తిరుగుతుంది. వేలు తిరగకముందే ఎటో ఒకవైపు చూపించడం మేలనిపించింది. ఆమె వెళ్ళి ఖాసీం గది తలుపు తట్టింది. కారు సంగతీ, ఇంటికి పోయానన్న అబద్ధమూ చెప్పింది. చూసింది కొంతే. చెప్పడంలో అది నిండుగా తయారైంది.

మర్నాడే గురుప్రసాద్‌ను హాలులోకి రానివ్వలేదు. త్వరలో కాంట్రాక్ట్ రద్దు చేసి పంపేస్తామన్నారు. అంటే వీసా కూడా పోయినట్టే. అతని భార్య చరిత ఈమధ్యే వచ్చింది, అల్ దోహా అల్ జదీదాలో చిన్న ఫ్లాట్ తీసుకుని కాపురం పెట్టారు. ఇప్పుడు ఇద్దరూ పెట్టెలు సర్దుకోవాలి. తనకు ఎవరు చెప్పారో ఖాసీం బయటపెట్టలేదు. అందుకు తెరెసా దేవుడికి స్తోత్రం చెప్పుకుంది. ఆ స్తోత్రాన్ని దేవుడు ఏం చేసుకున్నాడో తెలియదు.

ఫోన్ ఎత్తకపోతే మనిషే వచ్చాడు. అల్ సద్‌లో వాళ్ళ బిల్డింగ్ కింద కరక్ చాయ్ దుకాణం ముందు, లాప్‌టాప్ సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. తప్పించుకుని పోయే దారిలేక తెరెసా వెళ్ళి ఎదురుగా కూర్చుంది. అతను చాయ్ తెప్పించి, ఏ నిష్ఠూరమూ ఆడకుండా లాప్‌టాప్ తెరిచాడు.

"అక్కా, నీకో సంగతి జెప్పాల్నని ఎన్ని రోజులసంది తిరుగుతున్న. ముందు గిది చూడు" అన్నాడు.

అది మ్యాచ్‌కు ముందు ఆటగాళ్ళు ఒళ్ళు వేడెక్కించుకునేటప్పటి వీడియో. అవతలి అసిస్టెంట్ కోచ్ చేతులు కట్టుకుని నౌరస్ వాళ్ళనే చూస్తున్నాడు. చూసి చూసి, తన ఆటగాళ్ళ వైపు తిరిగి, తన ఎడమ భుజాన్ని రెండుసార్లు తట్టి చూపించాడు. ఇంకో మ్యాచ్‌లో అదే మనిషి వంగి తన మోకాలు తట్టుకున్నాడు. గురుప్రసాద్ వీడియో ఆపి, తెర మీద హారిస్ భుజం దగ్గర వేలు పెట్టాడు. చేతుల్లేని ఆ జెర్సీలో, ఆ గోధుమరంగు భుజం మీద, తెరెసా శ్రద్ధగా అంటించిన టేపు నారింజ రంగులో వెలిగిపోతోంది. హాలు పై వరసలో కూర్చున్నవాడికి కూడా కనిపిస్తుంది.

క్లబ్ రంగు నారింజ. టేపు కూడా అదే రంగుదైతే ముచ్చటగా ఉంటుందని కోరి తెప్పించింది తనే. క్లినిక్‌లో ఎన్ని వేల మోకాళ్ళకు వేయలేదు? మోకాలి నొప్పితో నడిచే పెద్దమ్మను చూసి ఎటువైపు పడగొడదామా అని కాచుకునేవాడు క్లినిక్‌లో ఉండడు. ఇక్కడ ఉంటాడని ఆమెకు ఒక్కసారి కూడా తోచలేదు.

ఖాసీం ఏ కారు గురించి నిలదీశాడో ఆ కారులో ఎక్కింది ఇందుకేనని గురుప్రసాద్ చెప్పాడు. పాత స్నేహం కొద్దీ ఆ అసిస్టెంట్ కోచ్‌ను కదిలిస్తే నవ్వాడట. మీ ఫిజియో ఎక్కడ నొప్పో గుర్తులు పెట్టి మరీ పంపుతుంటే మాకు వేరే మనిషి ఎందుకు అన్నాడట.

"మరి కోచ్ అడిగితే ఇంటికెళ్ళానని ఎందుకు చెప్పావు?" అంది తెరెసా.

"ఇంకేం జెప్పాలె? తప్పు మా అక్కది అని నీకంటె ముందుగల ఆయనకు జెప్పాల్నా?"

"ఖాసీం నిన్ను బయటికి పంపేటప్పుడైనా చెప్పాల్సింది గదా గురూ."

"చెప్తే నా మీదికెల్లి తీసి నీ మీద పెడ్తరు. ఉన్నదే ఇద్దరం తెలుగోళ్ళం, ఒగలి మీద ఒగలు చెప్పుకుంటున్నరని నవ్వుతరు. నువ్వు టేపు మీద నల్ల తొడుగులెయ్యి అక్కా. నొప్పి లేనోళ్ళకు గూడ వెయ్యి. ఒక్క మ్యాచ్ గెలిస్తే చాలు, నా తప్పు లేదని వాళ్ళకే ఎరుకైతది."

చాయ్ తాగేసి లాప్‌టాప్ మూస్తూ, తన పేరు ఎవరు చెప్పారో మాత్రం అంతుపట్టడం లేదన్నాడు. కోచ్ మీద కొంచెం అనుమానంగా ఉందన్నాడు. తెరెసా చాయ్ మీద కట్టిన మీగడ వైపు చూస్తూ కూర్చుంది. చెప్పేద్దామని నోరు తెరిచింది, చరిత ఎలా ఉందని అడిగింది. అంతకంటే నీచమైన పని తను జీవితంలో చేయలేదని ఇంటికి మెట్లెక్కుతూ అనుకుంది.

మళ్ళీ అదే జట్టుతో జరిగిన మ్యాచ్‌కు నౌరస్ ఆటగాళ్ళందరూ భుజాలకూ మోకాళ్ళకూ నల్ల తొడుగులతో దిగారు. అవతలి అసిస్టెంట్ కోచ్ చేతులు కట్టుకుని చాలాసేపు చూశాడు, ఎవరికీ ఏమీ తట్టి చూపించలేదు. హారిస్ తన కుడివైపు నుంచి దూసుకుపోయాడు. కామ్రాన్‌ను మూలకు తోలేవాళ్ళు లేకపోయారు. ఆఖరి నిమిషం దాకా ఊపిరి బిగబట్టించి, నౌరస్ గెలిచింది. డ్రమ్ములు తెచ్చుకోనివాళ్ళు కుర్చీలు బాదారు. ఆ కాసేపు తెరెసా కూడా అన్నీ మరిచిపోయి ఎగిరి గెంతింది.

ఆ సంతోషం ఆటగాళ్ళ గది దాకా నిలిచింది. అక్కడ ఖాసీం కుర్చీ ఎక్కి నిలబడి మాట్లాడుతున్నాడు. ఉప్పందించేవాడు పోయాడు, వెంటనే గెలిచాం, ఇంతకంటే రుజువేం కావాలని అడిగాడు. ఆటగాళ్ళు కేకలు పెట్టారు. రద్దు కాగితం మీద రేపు పొద్దున్నే సంతకం పెడతానన్నాడు. కిందికి దిగి వచ్చి, క్లబ్‌ను కాపాడింది నువ్వే అని ఆమెతో మెల్లగా అన్నాడు.

తెరెసా గోడకు ఆనుకుంది. గురుప్రసాద్ లెక్క ఎక్కడ తప్పిందో ఆమెకు అప్పుడు తెలిసింది. అతను చెప్పినట్టు తను తొడుగులు వేసింది, అతను అన్నట్టే జట్టు గెలిచింది, ఆ గెలుపే అతన్ని దొంగను చేసింది. రేపు పొద్దున దాకా నోరు మూసుకుంటే చాలు, తన తప్పు తెలిసిన ఒకే ఒక్క మనిషి విమానం ఎక్కేస్తాడు. ఆ ఆలోచన తనకు ఎంత సులువుగా వచ్చిందో చూసి ఆమెకు తన మీద తనకే అసహ్యం పుట్టింది.

చేతిలో ఫోన్ మోగింది. ఇంట్లో కూర్చుని ఆట చూశాడు కాబోలు, గురుప్రసాద్.

"అక్కా, గెలిచినం" అన్నాడు.

గెలిచారు అనలేదు. తలుపు దగ్గరికి కూడా రానివ్వని జట్టును పట్టుకుని గెలిచినం అన్నాడు.

"లైన్లోనే ఉండు. పెట్టెయ్యకు" అంది.

ఫోన్ అలాగే పట్టుకుని వెళ్ళి ఖాసీం ముందు నిలబడింది. గదిలో ఒక్కొక్కరే మాటలు ఆపారు. ఆమె హారిస్ భుజం మీది నల్ల తొడుగు కిందికి లాగింది. నారింజ టేపు బయటపడింది.

"వాళ్ళకు చెప్పింది గురుప్రసాద్ కాదు. నేను వేసిన ఈ టేపు. ఎక్కడ నొప్పో వాళ్ళు దీన్ని చూసి తెలుసుకున్నారు. అది కనిపెట్టింది అతనే, ఈ తొడుగులు వేయమన్నదీ అతనే" అంది ఇంగ్లీషులో, అందరికీ వినపడేలా.

హారిస్ తన భుజం వైపు మొదటిసారి చూస్తున్నట్టు చూసుకున్నాడు. ఖాసీం ముఖం మీద గెలుపు కళ మెల్లగా ఆరిపోయింది. తర్వాత అడగవలసిందే అడిగాడు.

"అయితే అతని పేరు నాకెందుకు చెప్పావు?"

ఫోన్ తెర మీద కాల్ ఇంకా నడుస్తూనే ఉంది. బొటనవేలు కదిలిస్తే ఆగిపోతుంది. తెరెసా వేలు కదపలేదు.

"నా మీదికి వస్తుందని భయపడి చెప్పాను. అతన్ని ఆ కారులో చూసింది నిజం. మిగతాదంతా నేను అనుకున్నది. అతని పేరు చెప్పింది నేను, చెప్పింది తప్పు" అంది.

ఖాసీం ఆమె వైపు చూడకుండా, అతన్ని రేపు పొద్దున పనిలోకి రమ్మని చెప్పమన్నాడు. నీ సంగతి తర్వాత అని వెళ్ళిపోయాడు. ఆటగాళ్ళు తువ్వాళ్ళు తీసుకుని ఎవరి దారిన వాళ్ళు స్నానాలకు పోయారు.

తెరెసా ఫోన్ చెవి దగ్గర పెట్టుకుంది. అవతల టీవీలో ఎవరో ఆట గురించి మాట్లాడుతున్నారు, తర్వాత ఆ చప్పుడు కూడా ఆగిపోయింది.

"గురూ, విన్నావా?" అంది.

"విన్న. పొద్దుగాల వస్తనని ఖాసీం సార్‌కు చెప్పుండ్రి మేడమ్" అన్నాడు గురుప్రసాద్.